పాత విడిభాగాలతో వింటేజ్ ఇంజన్ నిర్మాణం: సికింద్రాబాద్

పాత ఇనుము దుకాణాల్లో, మిలటరీ వేలాల్లో, ఏళ్ల తరబడి చెట్టు కింద మూలపడిన బండ్లలో దొరికే భాగాలను ఏరి తెచ్చి, కొలిచి, లేత్ మీదకు ఎక్కించి, ఒక పాతకాలపు ఇంజన్‌ను తక్కువ ఖర్చులో మళ్లీ నడిపించడం ఒక పని. అదే ఇంజన్ కర్మాగారం నుంచి వచ్చిన రోజు కన్నా జోరుగా నడిచేలా కట్టడం ఇంకొక పని. ఈ రెండూ కలిసిన విద్యకు అమెరికాలో హాట్ రాడ్ సంప్రదాయమని పేరు. తెలుగునాట ఆ పేరుతో సంఘాలూ పందేలూ పెద్దగా లేకపోయినా, పని మాత్రం దశాబ్దాలుగా సాగుతోంది. జీపు, అంబాసిడర్, ఫియట్, బుల్లెట్ ఇంజన్లను విప్పి, బోరింగ్ చేయించి, నాలుగు చోట్ల దొరికిన సామానుతో కూర్చే మెకానిక్కులున్న ఊళ్లలో సికింద్రాబాద్ ఒకటి. కంటోన్మెంటు, రైల్వే, యంత్ర పరికరాల బజారు ఒకే ఊళ్లో ఉండటం ఈ పనికి ఇక్కడ బాగా కలిసొచ్చింది.

అమెరికాలో మొదలైన తీరు

1932లో ఫోర్డ్ కంపెనీ సామాన్యుడు కొనగలిగే ధరలో ఎనిమిది సిలిండర్ల వీ8 ఇంజన్‌ను తెచ్చింది. 221 ఘనపు అంగుళాలు, అంటే సుమారు 3.6 లీటర్ల ఆ ఇంజన్ మొదట్లో 65 హార్స్‌పవర్ ఇచ్చేది. వాల్వులు హెడ్‌లో కాకుండా సిలిండర్ పక్కన బ్లాకులోనే ఉండటం వల్ల హెడ్ చదునైన మూతలా ఉండేది. అందుకే దానికి ఫ్లాట్‌హెడ్ అని పేరొచ్చింది. కొన్నేళ్లకే ఇవి పాత బండ్ల గుట్టల్లోకి చేరాయి. దక్షిణ కాలిఫోర్నియా కుర్రవాళ్లు వాటిని కారుచౌకగా కొని, ఎండిన సరస్సుల మైదానాల్లో పరుగులు తీయించారు. పందేలకు పద్ధతి కల్పించిన సదరన్ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్ 1937లో ఏర్పడింది. హాట్ రాడ్ పత్రిక తొలి సంచిక 1948 జనవరిలో వచ్చింది.

వాళ్లు పట్టుకున్న కిటుకు ఈ రోజుకీ పనికొస్తుంది. 239 ఘనపు అంగుళాల ఫోర్డ్ బ్లాకులో, అదే కుటుంబానికి చెందిన మెర్క్యురీ కారు క్రాంక్ షాఫ్టు బిగిస్తే స్ట్రోకు, అంటే పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం, 3.75 అంగుళాల నుంచి 4 అంగుళాలకు పెరుగుతుంది. ఇంజన్ పరిమాణం 255 ఘనపు అంగుళాలవుతుంది. కొత్తగా పోతపోసిన భాగమేదీ లేదు. పాత సామానులో ఏ భాగం ఏ ఇంజన్‌కు సరిపోతుందో తెలియడమే అసలు పెట్టుబడి. సికింద్రాబాద్‌లోనూ చౌకగా ఇంజన్ కట్టగలిగినవాడు ఈ సంగతి తెలిసినవాడే.

సికింద్రాబాద్ నేపథ్యం

నిజాం సికిందర్ జా పేరు మీద 1806లో ఏర్పడిన కంటోన్మెంటు ఇది. మోటారు బండ్లు వచ్చాక వాటిని బాగుచేసే చేతులు కూడా సైన్యంతో పాటే వచ్చాయి. సైన్యంలో బండ్లు, యంత్రాల మరమ్మతు చూసే ఈఎంఈ దళం 1943 అక్టోబరు 15న ఏర్పడింది. ఆ దళపు మొదటి శిక్షణ కేంద్రం, ఇంజనీరింగ్ కళాశాల రెండూ సికింద్రాబాద్‌లోనే ఉన్నాయి. తిరుమలగిరి వైపు వెళ్లేవారికి ఈ పేర్లు కొత్త కావు.

రైల్వే వైపు చూస్తే లాలాగూడ వర్క్‌షాపు 1893 నాటిది. నిజాం రైల్వే రోడ్డు రవాణా విభాగం 1932 జూన్‌లో 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో మొదలైంది. నేటి ఆర్టీసీకి మూలం అదే. 1942లో హైదరాబాద్ ఆల్విన్ ఏర్పడి తర్వాతి కాలంలో బస్సు బాడీలు కట్టింది. 1943లో కవాడిగూడలో ప్రాగా టూల్స్ వెలసి లేత్ చక్కులు, యంత్ర పరికరాలు తయారు చేసింది. 1968లో బాలానగర్‌లో కేంద్ర టూల్ డిజైన్ సంస్థ వచ్చింది. దాని చుట్టూ పెరిగిన చిన్న చిన్న మెషిన్ షాపుల్లో ఒక్క షాఫ్టు తెచ్చినా, ఒక్క బుష్ తెచ్చినా పని చేసిపెడతారు. ఇంజన్ పనికి ఆ ఒక్క బుష్షే కీలకం. పెద్ద కర్మాగారాలు ఒక్కదాని కోసం యంత్రం ఆపవు.

ఇక రాణిగంజ్. బేరింగులు, బోల్టులు, ఆయిల్ సీళ్లు, హోసులు, గేజులు, కటింగ్ టూళ్లు, మోటారు విడిభాగాలు అన్నీ నడిచిపోయే దూరంలో దొరికే బజారు అది. బండి పేరు చెప్పకుండా లోపలి కొలత, బయటి కొలత, మందం చెప్పి ఆయిల్ సీలు కొనుక్కోగలగడం ఇక్కడి సౌకర్యం. హైదరాబాద్ వైపు వెళ్తే పుత్లీబౌలిలో పాత, కొత్త స్పేర్ పార్టుల దుకాణాలున్నాయి. ఇంకా పెద్ద అన్వేషణ అయితే విజయవాడ జవహర్ ఆటోనగర్, చెన్నై పుదుపేట, ఢిల్లీ మాయాపురి, కోల్‌కతా మల్లిక్ బజార్ దాకా పోవాల్సిందే. మార్పులు చేసిన జీపులకు పంజాబ్, హర్యానా సరిహద్దులోని మండీ డబ్వాలీకి దేశమంతటా పేరుంది.

ఇక్కడి పనివాళ్లలో చాలామంది బడిలో కాక ఉస్తాద్ దగ్గర నేర్చుకున్నవారు. స్పానర్లు అందించడం, కిరోసిన్‌లో భాగాలు కడగడం, వాల్వులు నూరడం, ఆ తర్వాతే బేరింగు ముట్టుకోనివ్వడం అక్కడి క్రమం. ఈ క్రమంలో తయారైన పనితనం పుస్తకాల్లో పూర్తిగా రాలేదు. అది రాసి పెట్టాల్సిన విద్య.

ఏ ఇంజన్ ఎంచుకోవాలి

అమెరికా పత్రికల్లో చూసిన వీ8 కోసం ఇక్కడ వెతకడం డబ్బు తగలేసుకోవడమే. జనరల్ మోటార్స్ 1928 నుంచి 1954 దాకా బొంబాయి సెవ్రీలో కార్లు కూర్చింది. రెండో ప్రపంచయుద్ధంలో ఫోర్డ్ వీ8 ఇంజన్లున్న కెనడా మిలటరీ లారీలు భారత సైన్యంలో తిరిగాయి. అయినా ఆ ఇంజన్ల భాగాలు ఇప్పుడు అపురూపం. ఎక్కడైనా దొరికితే వాటిని ఉన్నది ఉన్నట్టుగా కాపాడాలి గానీ కోసి ప్రయోగాలు చేయకూడదు. చౌకగా కట్టాలంటే లక్షల్లో తయారై, ప్రతి ఊళ్లో విడిభాగాలు మిగిలిన ఇంజన్‌నే పట్టుకోవాలి.

అలాంటివాటిలో మొదటిది జీపు. యుద్ధకాలపు విల్లీస్ జీపులో గో డెవిల్ అనే నాలుగు సిలిండర్ల ఫ్లాట్‌హెడ్ ఇంజన్ ఉండేది. బోరు, అంటే సిలిండర్ లోపలి వెడల్పు, 3.125 అంగుళాలు, స్ట్రోకు 4.375 అంగుళాలు, పరిమాణం 2199 సీసీ, 60 హార్స్‌పవర్. యుద్ధం ముగిశాక సైన్యం వదిలించుకున్న బండ్లు డిస్పోజల్ జీపులన్న పేరుతో ఊళ్లలోకి వచ్చాయి. మహీంద్రా 1947 నుంచి విల్లీస్ జీపుల వ్యాపారంలోకి దిగి, తర్వాత ఇక్కడే తయారీ చేపట్టింది. వాటిలోని హరికేన్ ఇంజన్‌కు బోరు, స్ట్రోకు పాతవే. కానీ గాలి లోపలికి తీసుకునే వాల్వును హెడ్‌లోకి మార్చడంతో శక్తి సుమారు 75 హార్స్‌పవర్‌కు పెరిగింది. ఆ తర్వాతి జీపుల్లో డీజిల్ ఇంజన్లు రావడంతో, పెట్రోలు ఇంజన్లు ఎన్నో ఊడి మూలకు చేరాయి. నేటి పునర్నిర్మాణాలకు అవే ముడిసరుకు.

రెండోది అంబాసిడర్. 1950ల చివర్లో పాత సైడ్ వాల్వ్ ఇంజన్ స్థానంలో బీఎంసీ బీ సిరీస్ 1489 సీసీ ఓవర్‌హెడ్ వాల్వ్ ఇంజన్ వచ్చింది. దశాబ్దాల పాటు మన ట్యాక్సీలను, ప్రభుత్వ కార్లను నడిపింది ఇదే. 1955లో బ్రిటన్‌లో వచ్చిన ఎంజీఏ స్పోర్ట్స్ కారులోనూ ఇదే కుటుంబపు 1489 సీసీ ఇంజన్ ఉంది. మన అంబాసిడర్‌లో 50 నుంచి 55 హార్స్‌పవర్ ఇచ్చిన ఇంజన్, అక్కడ రెండు ఎస్‌యూ కార్బురేటర్లతో, ఎక్కువ కంప్రెషన్‌తో మొదట 68, తర్వాత 72 హార్స్‌పవర్ ఇచ్చింది. హాట్ రాడ్ తరహా పనికి భారతదేశంలో దీన్ని మించిన చౌక ఇంజన్ లేదని ఘంటాపథంగా చెప్పవచ్చు. 1992 తర్వాతి అంబాసిడర్లలో ఇసుజు 1.8 లీటర్ల ఇంజన్ కూడా ఉంది. తయారీ 2014 మేలో ఆగిపోయింది.

ఫియట్ 1100, తర్వాత ప్రీమియర్ పద్మిని అయిన కారులో 68 మిల్లీమీటర్ల బోరు, 75 మిల్లీమీటర్ల స్ట్రోకుతో 1089 సీసీ ఇంజన్ ఉంది. స్ట్రోకు పొట్టిది కాబట్టి ఎక్కువ వేగంతో తిరగడానికి ఇష్టపడుతుంది. బుల్లెట్ 350లో 70కి 90 మిల్లీమీటర్లు, 346 సీసీ, ఒకే సిలిండర్. మొదటిసారి చేయి పెట్టేవారు బుల్లెట్‌తో మొదలుపెట్టడం మేలు. కొలవాల్సిన సిలిండరు ఒక్కటే.

పెద్ద ఇంజన్ కావాలనుకునేవారికి జబల్‌పూర్ వెహికల్ ఫ్యాక్టరీలో నిస్సాన్ నమూనాతో తయారైన జోంగా ఉంది. 3956 సీసీ, వరుసగా ఆరు సిలిండర్లు. సైన్యం వేలాల్లోంచి బయటికి వచ్చిన ఈ బండ్లకు గట్టి అభిమానులున్నారు. ఇంధనం ఖర్చు మాత్రం తట్టుకోవాలి.

పాత సామాను ఏరడం

పాత ఇంజన్ కొనేవారు మొదట చూడాల్సింది అది తిరుగుతుందా లేదా అన్నది కాదు. పట్టేసిన ఇంజన్ కూడా సిలిండర్లలో డీజిలో, కిరోసినో పోసి కొన్ని రోజులు నానబెడితే వదలవచ్చు. బ్లాకు పగిలిందా లేదా అన్నదే చూడాలి. నీళ్లు ఇంకిపోయి వేడెక్కిన ఇంజన్లలో పగుళ్లు వాల్వు సీట్ల మధ్య, హెడ్ బోల్టు రంధ్రాల దగ్గర, సిలిండర్ గోడ పై అంచున వస్తాయి. మామూలు చూపుకు ఇవి అందవు.

దీనికి రూపాయి ఖర్చులేని పరీక్ష ఒకటుంది. అనుమానమున్న చోట జిడ్డు లేకుండా గీకి శుభ్రం చేసి కిరోసిన్ పూస్తారు. పావుగంట ఆగి పొడిగుడ్డతో తుడిచేస్తారు. పైన సుద్దపొడి పలచగా చల్లుతారు. పగులు ఉంటే దానిలోకి దిగిన కిరోసిన్ మెల్లగా పైకి ఊరి, తెల్లని పొడి మీద వెంట్రుకంత నల్లగీతగా కనబడుతుంది. గీత రెండు వాల్వుల మధ్య ఆగితే అనుభవమున్న పనివాడితో ఆలోచించవచ్చు. సిలిండర్‌లోకి దిగితే స్లీవ్, అంటే లోపలి గొట్టం, వేయకుండా ఆ బ్లాకు పనికిరాదు. మెయిన్ బేరింగు కూర్చునే గోడలో కనిపిస్తే ధర ఎంత తక్కువైనా వదిలేయాలి.

తర్వాత సిలిండర్ పై అంచున గోరు పెట్టి చూడాలి. పిస్టన్ రింగు చేరని చోట లోహం అరగదు, చేరిన చోట అరుగుతుంది. రెండింటి మధ్య మెట్టు ఏర్పడుతుంది. గోరు ఆ మెట్టుకు తగిలి ఆగితే ఇంజన్ బోరుకొచ్చిందని లెక్క. రోడ్డు మీద నీలం పొగ, ఆయిల్ తాగడం, పికప్ లేకపోవడం చూసి చెప్పే మాటనే ఇక్కడ గోరు చెబుతుంది.

వేర్వేరు ఇంజన్ల నుంచి భాగాలు తెచ్చేటప్పుడు పోలిక చూసి మోసపోకూడదు. జీపు ఇంజన్‌దే ఉదాహరణ తీసుకోండి. యుద్ధకాలపు గో డెవిల్‌లో క్యామ్ షాఫ్టును టైమింగ్ చైను తిప్పేది. 1946 ప్రాంతంలో దాని బదులు గేర్లు వచ్చాయి. చైను ఉంటే క్యామ్ క్రాంక్ తిరిగే దిక్కుకే తిరుగుతుంది. గేరు ఉంటే ఎదురు దిక్కుకు తిరుగుతుంది. కాబట్టి ఒకదాని క్యామ్ షాఫ్టు, ఆయిల్ పంపు ఇంకొకదానికి పనికిరావు. దుకాణంలో పక్కపక్కన పెడితే రెండూ ఒకే వస్తువులా కనిపిస్తాయి. ఇలాంటి సంగతి ముందే తెలుసుకోవడం వల్ల మిగిలే డబ్బు, బేరంలో మిగిలే డబ్బు కన్నా ఎక్కువ.

కొలతలు, బోరింగ్

చౌకగా కట్టిన ఇంజన్ నాలుగు కాలాలు నడవాలంటే కొలతలో చౌకదనం పనికిరాదు. సిలిండర్‌ను బోర్ గేజుతో పైన, మధ్యలో, కింద, ప్రతిచోటా రెండు దిక్కుల్లో కొలవాలి. పిస్టన్ క్రాంక్‌ను తోసేటప్పుడు పక్కకు ఒరుగుతుంది కాబట్టి ఆ దిక్కున అరుగుదల ఎక్కువ. పేలుడు వేడికి, ఆయిల్ కొరతకు పైభాగం మరీ ఎక్కువగా అరుగుతుంది. అలా గుండ్రని బోరు కోడిగుడ్డు వాటానికి, నిలువు గోడ గరాటు వాటానికి వస్తుంది. ఇక్కడ అంగుళంలో వెయ్యో వంతే ప్రమాణం. లేత్ షాపుల్లో దాన్ని థౌ అంటారు.

అరుగుదల కొద్దిగా ఉంటే హోనింగ్ చేసి, అంటే గోడను సానబట్టి, కొత్త రింగులు వేస్తే చాలు. మించితే రీబోర్ చేసి ఓవర్‌సైజ్ పిస్టన్లు వేయాలి. షాపులో పది, ఇరవై, ముప్పై, నలభై, అరవై అంటుంటారు. అవి థౌలే. జీపు ఇంజన్‌ను ముప్పైకి బోరు చేస్తే 2199 సీసీ కాస్తా సుమారు 2242 సీసీ అవుతుంది. అంబాసిడర్‌ను అరవైకి తీస్తే 1489 సీసీ 1550 దాటుతుంది. హెడ్ ముట్టుకోకుండానే కంప్రెషన్ కూడా కొంచెం పెరుగుతుంది. జీపు మూల నిష్పత్తి 6.48 అయితే, ముప్పై బోరుతో అది దాదాపు 6.6 దగ్గరికి వస్తుంది.

అయితే ముందు పిస్టన్లు దొరకాలి, తర్వాత బోరింగ్. ఈ వరస తప్పినవాళ్ల బ్లాకులు, ఆ సైజు పిస్టన్ దొరక్క, ఎన్నో షెడ్లలో మూలుగుతున్నాయి. పిస్టన్ చేతికొచ్చాక దాన్నే కొలిచి, దానికి తగ్గట్టు బోరు కోయించాలి. అల్యూమినియం పిస్టన్‌కు బోరు అంగుళానికి సుమారు ఒక థౌ సందు వదలడం పాత లెక్క. రింగును సిలిండర్‌లో పెట్టి దాని కొసల మధ్య సందును ఫీలర్ గేజుతో చూడాలి. అది బోరు అంగుళానికి మూడు నుంచి నాలుగు థౌలు ఉండాలి. తక్కువైతే వేడికి కొసలు ఒకదాన్నొకటి తన్నుకుని రింగు విరుగుతుంది.

బోరు ఇక కోయలేనంత పెద్దదైతే స్లీవ్ మార్గం. సిలిండర్‌ను ఇంకా కోసి, పోత ఇనుప గొట్టాన్ని ప్రెస్సుతో బిగించి, లోపల మళ్లీ స్టాండర్డ్ సైజుకు తెస్తారు. చాలామంది దీన్ని ఆఖరి ఉపాయంగా చూస్తారు. నిజానికి అరుదైన ఇంజన్లకు ఇదే మొదటి ఉపాయం కావాలి. సులువుగా దొరికే పిస్టన్ సైజును మనమే ఎంచుకునే వీలు దీనిలో ఉంది. పిస్టన్ పిన్ను లావు, పిన్ను నుంచి పిస్టన్ తల దాకా ఎత్తు సరిపోతే వేరే బండి పిస్టన్ కూడా కూర్చుంటుంది.

క్రాంక్ షాఫ్టుదీ ఇదే కథ, తిరగేసి. అక్కడ జర్నల్, అంటే బేరింగులో తిరిగే భాగం, గ్రైండ్ చేసిన కొద్దీ సన్నబడుతుంది, బేరింగు అండర్‌సైజ్ వేయాలి. గ్రైండింగ్‌కు ఇచ్చేముందు ఆ సైజు బేరింగు సెట్ చేతిలో ఉండాలి. జర్నల్ చివర, వెబ్‌ను, అంటే పక్క పలకను, కలిసేచోట వంపు నున్నగా ఉందో లేదో చూసుకోవాలి. గ్రైండర్ దాన్ని సూటి మూలగా కోస్తే క్రాంక్ అక్కడే విరుగుతుంది. జీపుకు, పాత బీ సిరీస్‌కు మెయిన్ బేరింగులు మూడే. క్రాంక్‌కు ఆసరా తక్కువ కాబట్టి ఈ జాగ్రత్త వాటిలో రెట్టింపు కావాలి.

పాతవి ఏవి, కొత్తవి ఏవి

కరిగించి పోతపోసినవి, ఉక్కును కొట్టి చేసినవి పాతవే వాడవచ్చు. బ్లాకు, హెడ్, క్రాంక్, కనెక్టింగ్ రాడ్లు, ఫ్లైవీలు, మ్యానిఫోల్డు, బెల్ హౌసింగ్, ఆయిల్ సంపు, బ్రాకెట్లు ఈ కోవలోవి. ఏళ్ల తరబడి వేడెక్కి చల్లారిన పాత బ్లాకు కొత్త పోత కన్నా స్థిరంగా ఉంటుందని అనుభవజ్ఞులు నమ్ముతారు. అరిగేవి, మెత్తనివి, ఎండిపోయేవి మాత్రం కొత్తవే కొనాలి. రింగులు, బేరింగు షెల్స్, గ్యాస్కెట్లు, ఆయిల్ సీళ్లు, హోసులు, టైమింగ్ చైను, వాటర్ పంపు సీలు ఇందులోకి వస్తాయి. వాడిన బేరింగు షెల్‌ను తిప్పివేయడం, పాత హెడ్ గ్యాస్కెట్‌కు సిల్వర్ పెయింటు పూసి మళ్లీ బిగించడం పొదుపు కాదు. మళ్లీ ఇంజన్ దించాల్సి వస్తుంది.

నీటి దారుల సంగతి చాలామంది మరచిపోతారు. మన బోరు నీళ్ల ఉప్పు, తుప్పు కలిసి బ్లాకు లోపల అడుగున గట్టిగా పేరుకుంటాయి. పక్కనుండే డమ్మీలు, అంటే బ్లాకు రంధ్రాలకు కొట్టిన రేకు మూతలు, పీకేసి తీగతో పొడిచి కడగాలి. నాలుగో సిలిండర్ దగ్గరే మట్టి ఎక్కువ చేరుతుంది, అది పంపుకు దూరం కాబట్టి. డమ్మీలు కొత్తవి కొట్టడానికి అయ్యే ఖర్చు అతి స్వల్పం. ఇది చేయకుండా రేడియేటర్ మీద డబ్బు పోసేవాళ్లే ఎక్కువ.

జోరు పెంచడం

డబ్బు పెట్టకుండా ఇంజన్ పనితనం పెంచే మొదటి మార్గం తూకం. నాలుగు పిస్టన్లను, నాలుగు రాడ్లను చిన్న డిజిటల్ తక్కెడ మీద తూచి, అన్నిటికన్నా తేలికైనదానితో సమానమయ్యేలా మిగతావాటి లోపలి అంచుల్లో, బలం అక్కరలేని చోట ఆకురాయితో గీస్తారు. పాత సామాను నాలుగు ఇంజన్లలోంచి వచ్చినప్పుడు ఈ తేడా గ్రాముల్లో కాదు, పదుల గ్రాముల్లో ఉంటుంది. సరిచేస్తే ఇంజన్ వణుకు తగ్గి బేరింగుల ఆయుష్షు పెరుగుతుంది.

రెండోది గాలి దారి. ఇన్‌లెట్ మ్యానిఫోల్డు రంధ్రం, గ్యాస్కెట్ రంధ్రం, హెడ్ రంధ్రం ఒకదానికొకటి ఎదురెదురుగా లేకపోవడం పాత పోతల్లో మామూలే. గ్యాస్కెట్‌ను అచ్చుగా పెట్టి గీతగీసి, అడ్డొచ్చే మెట్టును అరగదీస్తే చాలు. లోపల అద్దంలా మెరిసేలా పాలిష్ చేయడం వృథా శ్రమ. మూడోది హెడ్ ఫేసింగ్. హెడ్‌ను కొద్దిగా కోస్తే కంప్రెషన్ పెరుగుతుంది. జీపు లాంటి ఫ్లాట్‌హెడ్‌లో వాల్వులు పైకి లేచేది హెడ్ కిందకే కాబట్టి ఎక్కువ కోస్తే వాల్వు హెడ్‌కు తగులుతుంది. హెడ్ దించి, వాల్వు మీద మైనపు ముద్ద పెట్టి, బిగించి తిప్పి చూస్తే మిగిలిన సందు తెలిసిపోతుంది. ఈ మూడూ అయ్యాకే రెండో కార్బురేటర్ గురించి ఆలోచించాలి. అరిగిన వాల్వు గైడ్లున్న ఇంజన్‌కు రెండు కార్బురేటర్లు బిగించడం డబ్బుకూ, ఇంజన్‌కూ నష్టమే.

డెల్కో, అంటే డిస్ట్రిబ్యూటర్, షాఫ్టు బుష్ వదులైతే పాయింట్ల సందు ఒక్కో సిలిండర్‌కు ఒక్కోలా ఉంటుంది. కొత్త బుష్ తిప్పించి వేస్తే ఇంజన్ ఐడిలింగ్‌లో వచ్చే తేడా చెవికి తెలుస్తుంది. ఖర్చు లెక్కన చూస్తే అన్నిటికన్నా ఎక్కువ ఫలితమిచ్చే మరమ్మతు ఇది.

నేటి పెట్రోలు

ఈ ఇంజన్లు సీసం కలిపిన పెట్రోలు కాలానివి. దేశమంతటా 2000 ఫిబ్రవరి నుంచి సీసం లేని పెట్రోలు వచ్చింది. సీసం వాల్వు సీట్లకు రక్షణగా ఉండేది. హెడ్ ఇనుములోనే సీట్లు కోసిన బీఎంసీ తరహా ఇంజన్లలో ఎగ్జాస్ట్ సీటు క్రమంగా లోపలికి దిగబడి, ట్యాపెట్ సందు మూసుకుపోతుంది. ఇంజన్ విప్పినప్పుడే గట్టి లోహపు సీటు రింగులు వేయించుకోవడం దీనికి శాశ్వత పరిష్కారం.

ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు మామూలైంది. ఇథనాల్ పాత రబ్బరు హోసులను, పంపు డయాఫ్రమ్‌లను ఉబ్బిస్తుంది, ట్యాంకు అడుగు తుప్పును కడిగి కార్బురేటర్‌లోకి తెస్తుంది, గాలిలో తేమను పట్టుకుంటుంది. మామూలు పెట్రోలు ఒక పాలు పూర్తిగా మండటానికి బరువులో 14.7 పాళ్ల గాలి కావాలి. ఈ మిశ్రమానికి సుమారు 13.5 చాలు. అంటే అదే గాలికి దాదాపు 9 శాతం ఎక్కువ ఇంధనం అందాలి. పాత సోలెక్స్ కార్బురేటర్ జెట్ మార్చకపోతే మిశ్రమం పలచబడి, ఇంజన్ వేడెక్కి, వాల్వులు కాలుతాయి. జెట్ ఒక సైజు పెంచి, స్పార్క్ ప్లగ్గు రంగు చూసి సరిచేసుకోవాలి. ప్లగ్గు కొన తెల్లగా ఉంటే పెట్రోలు చాలడం లేదు, మసిగా ఉంటే ఎక్కువైంది, లేత ఇటుక రంగులో ఉంటే సరిపోయింది.

జంటనగరాల్లో పాత సామానుతో చేసిన వాహనాలు

పాత సామానుతో బండ్లు చేయడంలో జంటనగరాల నుంచి ప్రపంచానికి తెలిసిన పేరు కె. సుధాకర్‌ది. హైదరాబాద్ బహదూర్‌పురాలో జూపార్కు దగ్గర 2010లో ఆయన తెరిచిన సుధా కార్స్ మ్యూజియంలో క్రికెట్ బ్యాటు, వంకాయ, బర్గర్, ఫుట్‌బాల్ ఆకారాల్లో నడిచే బండ్లున్నాయి. 2005 జులై 1న హైదరాబాద్‌లో ఆయన నడిపిన 41 అడుగుల 7 అంగుళాల ఎత్తు మూడుచక్రాల సైకిల్ గిన్నిస్ రికార్డుకెక్కింది. ఆయన బండ్లలో ఉన్నవి ఎక్కువగా చిన్న ఇంజన్లు. వేగం వాటి ఉద్దేశం కాదు. పాత సామానును పారేయకుండా కొత్త వస్తువు చేయవచ్చని సందర్శకులకు కళ్లకు కట్టినట్టు చూపే చోటు అది. పిల్లల్ని తీసుకెళ్లి చూపించదగ్గది. అసలు వింటేజ్ కార్ల పనితనం చూడాలంటే చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాం 1912 నాటి పసుపు రంగు రోల్స్‌రాయిస్ ఉంది.

చట్టం

తయారీదారు చెప్పిన వివరాలకు, ఆర్సీలో ఉన్న వివరాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ నిషేధిస్తుంది. ఈ నిషేధాన్ని కచ్చితంగా పాటించాలని సుప్రీంకోర్టు 2019 జనవరిలో కేరళ కేసులో తేల్చింది. ఇంజన్ మార్చితే రవాణా అధికారి ఆమోదం, ఆర్సీలో కొత్త ఇంజన్ నంబరు నమోదు తప్పవు. ఉన్న ఇంజన్‌నే బోరింగ్ చేసి కట్టుకుంటే నంబరు మారదు. చౌకలో కట్టేవారికి ఇది పెద్ద ఊరట, సొంత బ్లాకును వదులుకోకూడదనడానికి ఇంకొక కారణం.

2021 జులైలో కేంద్రం వింటేజ్ వాహనాలకు వేరే నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన, సొంత వాడకానికి ఉన్న ద్విచక్ర, నాలుగు చక్రాల బండ్లకు వీఏ అక్షరాలతో ప్రత్యేక నంబరు ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషన్ రుసుము 20,000 రూపాయలు, పునర్నమోదుకు 5,000. పదేళ్లు చెల్లుతుంది. ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలు పోయించుకోవడానికి, మరమ్మతుకు నడపవచ్చు. రోజూ తిరగడానికి కాదు. షరతేమిటంటే, బండి మూలరూపంలో ఉండాలి. ఛాసిస్‌లో, బాడీలో, ఇంజన్‌లో గణనీయమైన మార్పులు చేసి ఉండకూడదు. అంటే హాట్ రాడ్ తరహా మార్పుకూ ఈ గుర్తింపుకూ పొసగదు. రెండు కార్బురేటర్ల మ్యానిఫోల్డు బిగించినా, పాతది కడిగి, ఆయిల్ పూసి, చీటీ కట్టి దాచుకోవాలి. బ్లాకును, ఛాసిస్‌ను వెనక్కి తేలేని విధంగా కోయకూడదు.

పాత ఇంజన్ కొనేవారు ఇంకొక జాగ్రత్త తీసుకోవాలి. దొంగబండ్ల ఇంజన్లు కూడా ఇదే బజార్లలోకి చేరే ప్రమాదముంది. నంబరు గీకేసిన బ్లాకు, మళ్లీ కొట్టిన అక్షరాలు వంకరగా ఉన్న బ్లాకు ఎంత చౌకైనా ముట్టుకోవద్దు. అమ్మకపు బిల్లు మీద ఇంజన్ నంబరు రాయించుకుని, దాన్ని బ్లాకు మీది నంబరుతో సరిపోల్చి చూసుకున్నాకే బయానా ఇవ్వండి.